ఆకులు ఏరుకొస్తున్నాడు, అక్షరాలు ఎప్పుడు?

ప్రశ్న: మేడమ్, ఆగస్టులో హైదరాబాద్ నుంచి ఇంగ్లండులోని రెడింగ్‌కి వచ్చాం. బాబుకి ఫిబ్రవరిలో ఐదేళ్ళు నిండాయి. ఇక్కడ ఇయర్ వన్‌లో చేర్చుకున్నారు. అక్కడ ఎల్‌కేజీలోనే 1 నుంచి 100 దాకా చూడకుండా రాసేవాడు, రెండో ఎక్కం గడగడా చెప్పేవాడు. ఇక్కడ బడి మొదలై ఆరు వారాలైంది. హోంవర్క్ లేదు. వారానికో సన్నటి పుస్తకం ఇస్తారు, అందులో అక్షరం ముక్క ఉండదు, అన్నీ బొమ్మలే. మొన్న జేబుల నిండా ఎండుటాకులు, ఏవో గోధుమరంగు గింజలు వేసుకొచ్చాడు. "ఈరోజు ఏం చెప్పారు?" అంటే "ఆడుకున్నాం" అంటాడు. వీడియో కాల్‌లో మా అత్తగారు "చదువుకునే పిల్లాణ్ణి తీసుకెళ్ళి పాడుచేస్తున్నారు" అంటున్నారు. పైగా వాడు క్లాసులో నోరు విప్పడం లేదని, అక్షరాల శబ్దాలు కలిపి చదివే ఫోనిక్స్‌లో వెనకబడ్డాడని టీచర్ చెప్పింది. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిషే మాట్లాడదామని మావారు అంటున్నారు. ట్యూషన్ పెట్టించమని స్నేహితురాలు చెబుతోంది. దీపావళికి రెండు వారాలు ఊరెళ్ళి రావాలనీ ఉంది. వచ్చే వారం పేరెంట్స్ ఈవినింగ్. ఏం అడగాలో కూడా తెలియడం లేదు.
— ఒక తల్లి, రెడింగ్

జవాబు:

అమ్మా, ముందు ఆ గోధుమరంగు గింజల సంగతి చూద్దాం. వాటిని కాంకర్లంటారు. హార్స్ చెస్ట్‌నట్ చెట్టు గింజలు. ముళ్ళ తొక్క పగిలి సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో రాలతాయి. వార్నిష్ పూసినట్టు మెరుస్తుంటే ఏ పిల్లాడూ ఏరుకోకుండా ఉండలేడు. దారానికి గుచ్చి, ఒకడి కాంకరుతో ఇంకొకడి కాంకరుని కొట్టి పగలగొట్టడం ఇక్కడి పిల్లల ఆట. ఎదుటివాడి బొంగరం మీద దెబ్బ వేసి చీల్చే మన ఆటకి దగ్గరి చుట్టం. అయితే అవి తినకూడదు, విషం. తినే చెస్ట్‌నట్లు చూడ్డానికి ఇంచుమించు ఇలాగే ఉంటాయి కాబట్టి నోట్లో పెట్టుకోవద్దని వాడికి గట్టిగా చెప్పండి.

ఇక ఆకులు. మీవాడు తెచ్చినవి చెత్త కాదు, వాడి సైన్సు పాఠం. ఇంగ్లండు జాతీయ పాఠ్యప్రణాళికలో ఇయర్ వన్ సైన్సు అంటే ఉన్నవే నాలుగైదు విషయాలు: మొక్కలు, జంతువులు, మన శరీరం, చుట్టూ ఉన్న వస్తువులు దేనితో తయారయ్యాయన్నది, కాలాల మార్పు. ఏ చెట్టు ఆకు రాలుస్తుంది, ఏది ఏడాదంతా పచ్చగా ఉంటుంది, వాతావరణం ఎలా మారుతుంది, పగలు ఎంత పొడుగు ఉంటుంది... ఇవన్నీ పిల్లాడు కళ్ళతో చూసి చెప్పాలి. పుస్తకంలో చదివి కాదు. ఆ చూడడమే వాడి నోటికి "ఆడుకున్నాం" అయింది.

ఇక్కడొక చిన్న తిరకాసు ఉంది. ఇక్కడ ఆకులు రాలే ఈ కాలాన్ని ఆటమ్ అంటారు, దాన్ని మనం శరదృతువు అని రాసేస్తాం. మన శరత్తు ఆశ్వయుజ, కార్తీకాలది. వానలు వెనకబట్టి, ఆకాశం తేటపడి, వెన్నెల విరగకాసే కాలం. ఆకులు రాలడం మనకి శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. మీవాడు పుట్టి పెరిగిన చోట ఇన్ని చెట్లు ఒక్కసారిగా ఎర్రబడి బోసిపోవడం చూసి ఉండడు. హైదరాబాద్‌లో ఏడాదిలో అతి పొడుగు పగటికీ అతి చిన్న పగటికీ తేడా రెండు గంటలే. ఇక్కడ జూన్‌లో పగలు పదహారు గంటలు దాటుతుంది, డిసెంబరులో ఎనిమిది గంటలకి దిగిపోతుంది, సాయంత్రం నాలుగింటికే సూర్యుడు కనబడడు. ఐదేళ్ళ పిల్లాడికి ఇదొక పెద్ద వింత. తోటి పిల్లలకంటే వాడే ఈ పాఠాన్ని ఎక్కువ ఆశ్చర్యంతో చూస్తుంటాడు. మీరు దాన్ని చీపురుతో ఊడ్చెయ్యకండి.

1 నుంచి 100 సంగతి చెబుతాను, నొచ్చుకోకండి. నేను ఇక్కడి ఒక ప్రైమరీ స్కూల్లో టీచింగ్ అసిస్టెంటుగా చాలా ఏళ్ళు చేశాను. మన పిల్లలు వంద దాకా ఇట్టే రాసేవారు. "8కి ఎన్ని కలిస్తే 10?" అని అడిగితే మాత్రం బిక్కమొహం వేసేవారు. ఆ పిల్లల్లో నా కూతురూ ఉంది, అందుకే ధైర్యంగా చెబుతున్నా. అంకెల వరస తెలియడం పాట తెలియడం లాంటిది. అంకె లోపల ఎంత ఉందో తెలియడం వేరు. ఇక్కడ ఇయర్ వన్‌లో దీనిమీదే కూర్చుంటారు: పదిని ఎన్ని రకాలుగా విడగొట్టవచ్చు, ఇరవై లోపు కూడికలు, తీసివేతలు, వెనక్కి లెక్కపెట్టడం. ఇవాళ రాత్రి పది చింతపిక్కలు తీసుకోండి (అక్కడ దొరక్కపోతే ఆ కాంకర్లే ఉన్నాయిగా). కొన్ని గిన్నె కింద దాచి, మిగిలినవి చూపించి, లోపల ఎన్నున్నాయో అడగండి. వేళ్ళు మడవకుండా చెప్పగలిగితే లెక్కల గురించి మీరు దిగులు పడక్కర్లేదు. చెప్పలేకపోతే బడి సరైన చోటే మొదలుపెట్టిందని అర్థం. ఇంట్లో వైకుంఠపాళి ఉంటే ఇంకా మంచిది, రెండు పాచికలు వేసి కలిపి నడవమనండి.

అసలు చిక్కు ఫోనిక్స్. దీనిమీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మీవాడు వెనకబడలేదు, ఆలస్యంగా ఎక్కాడు. ఇక్కడ పిల్లలు నాలుగేళ్ళు నిండగానే వచ్చే సెప్టెంబరులో రిసెప్షన్ క్లాసులో చేరతారు. అక్షరాల ధ్వనులు నేర్పడం అక్కడే మొదలవుతుంది. అంటే మీవాడి పక్కన కూర్చున్న పిల్లలు ఇదే పని ఒక ఏడాదంతా చేసి వచ్చారు. మీవాడు ఆరు వారాలు చేశాడు. తెలివికీ దీనికీ సంబంధం లేదు.

పైగా వాడు మోసుకొచ్చింది వేరే సరుకు. వాడికి ఏ, బీ, సీ అని అక్షరాల పేర్లు వచ్చు. ఇక్కడ ముందు పేర్లు చెప్పరు, శబ్దాలు చెబుతారు. పేర్లు కలిపితే మాట రాదు. "సీ, ఏ, టీ" అని వందసార్లు అన్నా పిల్లి రాదు. శబ్దాలు కలిపితే వస్తుంది. మీ ఊరి పేరే చూడండి, స్పెల్లింగు చూస్తే "చదవడం" అనే మాట, పలికితే రెడింగ్. ఇలాంటి భాషని చదవడం నేర్పాలంటే ముందు నమ్మదగిన శబ్దాలు కొన్ని చేతిలో పెట్టాలి, తిక్క మాటలు తర్వాత. చాలా బడుల్లో మొదటి ఆరూ ఇవి: స్, క్యాట్‌లోని యా లాంటి పొట్టి శబ్దం, ట్, ప్, ఇ, న్. ఈ ఆరింటితోనే పిన్, ట్యాప్, నిప్, టిన్ లాంటి మాటలు బోలెడు చదివెయ్యవచ్చు.

మనవాళ్ళ ఇళ్ళలో తప్పు జరిగేది ఇక్కడే. నేనూ చేశాను. మా పాప పక్కన కూర్చుని "ట, ప, న" అని చెప్పాను. మన హల్లులో అ అనే అచ్చు దాగి ఉంటుంది కదా. పాప "క-అ-ట" అని కలిపి "కాట" అని చదివింది. నేను విసుక్కున్నాను. తర్వాత ఓ రోజు బడిలో టీచరు నన్ను పక్కకి పిలిచి, శబ్దం వెంబడి తోక రాకూడదని నవ్వుతూ చూపించింది. అప్పుడు వెలిగింది నాకు: ఆవిడ అడుగుతున్నది మన పొల్లు హల్లే! ట కాదు, ట్. ప కాదు, ప్. మ కాదు, మ్మ్మ్ అని పెదవులు మూసి సాగదీయడం. క్‌కి ఇ కలిస్తే కి అని చెప్పే గుణింతం చేతిలో పెట్టుకుని నేను ఇంగ్లిషు ముందు తడబడ్డాను. మీకు తెలుగు గుణింతం వచ్చు కాబట్టి ఫోనిక్స్ సగం వచ్చినట్టే. తోకలు మాత్రం కత్తిరించండి.

ఇంకో తోక మాట చివర ఉంటుంది. మనది అజంత భాష, బస్సు, పెన్ను, బుక్కు అని చివర ఉకారం తగిలిస్తే కానీ మనకి తృప్తి ఉండదు. మీవాడు అలా అంటే తిట్టకండి, మీరు పొల్లుతో ఆపి చెప్పండి, వింటాడు. అలాగే వ. ఇంగ్లిషులో రెండున్నాయి. పశువుల డాక్టరుని "వెట్" అనేటప్పుడు పై పళ్ళు కింది పెదవికి తగలాలి. తడిసింది అనే "వెట్"కి పెదవులు సున్నాలా చుట్టాలి, పళ్ళు తగలకూడదు. ఇక్కడ రాసి చూపించడానికి నాకూ ఒకటే అక్షరం ఉంది, చూశారా. అద్దం ముందు ఇద్దరూ నిలబడి చేస్తే రెండు నిమిషాల ఆట.

వచ్చే జూన్‌లో ఇయర్ వన్ పిల్లలందరికీ ఫోనిక్స్ పరీక్ష ఉంటుంది. టీచరు ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని 40 మాటలు చదివిస్తుంది. అందులో 20 అసలు మాటలే కావు, ఉత్త కల్పితాలు, పక్కన ఓ వింత జంతువు బొమ్మ కూడా వేస్తారు. ఇదేం పిచ్చి అని మా వాట్సాప్ గుంపుల్లో ప్రతి ఏడూ ఎవరో ఒకరు కోప్పడతారు. పిచ్చి కాదు. పిల్లాడు మాటని బట్టీపట్టి గుర్తుపడుతున్నాడా, శబ్దాలు కలిపి చదువుతున్నాడా అన్నది లేని మాట ఇస్తేనే బయటపడుతుంది. ర్యాంకులుండవు. ఈసారి రాకపోతే ఇయర్ టూలో మళ్ళీ చదివిస్తారు. మీకు ఇంకా ఎనిమిది నెలలుంది.

అక్షరం లేని పుస్తకం గురించి అడిగారు. దాన్ని తెలుగులో చదవండి! బొమ్మ చూసి ఏం జరుగుతోంది, తర్వాత ఏమవుతుంది, ఆ కుక్క ఎందుకు పారిపోయింది అని వాడిచేత చెప్పించండి. కథని పట్టుకోవడం ఏ భాషలో నేర్చినా అది చదువులో భాగమే. ఆ పుస్తకంతో పాటు వచ్చే రీడింగ్ రికార్డులో "తెలుగులో కథ చెప్పాడు" అని ఓ ముక్క ఇంగ్లిషులో రాసి సంతకం పెట్టండి. టీచర్లు అది చదువుతారు.

దీంతో మీవారి మాటకి జవాబు సగం చెప్పేశాను. తెలుగు మానకండి. వాడికి "ఎందుకంటే", "ఒకవేళ", "అలా అయితే" అని వాదించడం తెలుగులో వచ్చు. ఆ వాదన తల్లిభాషలో గట్టిపడితే ఇంగ్లిషులో కావలసింది మాటలే. అమ్మానాన్నలు నాలుగు వాక్యాల ఇంగ్లిషుకి కుదించుకుపోతే ఇంట్లో వాదనే ఉండదు, "తిను, పడుకో, షూస్ ఎక్కడ" మిగులుతుంది.

క్లాసులో నోరు విప్పకపోవడం కూడా ఇలాంటిదే. కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్నాళ్ళు మూగనోము పడతారు. వింటూ ఉంటారు, పోగేసుకుంటూ ఉంటారు. ఇక్కడి టీచర్లకి ఇది కొత్త కాదు. గుంటూరు నుంచి వచ్చిన ఓ పిల్లాడు మా క్లాసులో సెప్టెంబరు అంతా ఒక్క మాట మాట్లాడలేదు. అక్టోబరులో ఓ మధ్యాహ్నం ఆటస్థలంలో ఎవడో వాడి కాంకరు లాక్కున్నాడు. "దట్స్ మైన్!" అని కేక పెట్టాడు. నేనూ టీచరూ మొహమొహాలు చూసుకున్నాం. నేరం చేసినవాడి మీద కోప్పడ్డం కూడా మర్చిపోయాం.

అయితే ఒక జాగ్రత్త. మీవాడు ఇంట్లో తెలుగులో కూడా తగ్గిపోయినా, పిలిస్తే పలక్కపోయినా, టీవీ దగ్గరికి జరిగి కూర్చుంటున్నా ఊరుకోకండి. ఇక్కడ చూపు, వినికిడి మామూలుగా రిసెప్షన్ ఏడాదిలోనే పరీక్షిస్తారు. మీవాడు ఆ ఏడాది ఇక్కడ లేడు. పదహారేళ్ళ లోపు పిల్లలకి కళ్ళ పరీక్ష చాలా కళ్ళద్దాల షాపుల్లో ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్యసేవ) తరఫున ఉచితం. వినికిడికి మీ జీపీని (కుటుంబ డాక్టరుని) అడగండి.

ట్యూషన్ వద్దు. ఇప్పుడు పెట్టిస్తే వంద వర్క్‌షీట్లు ఇస్తారు, వాడికి వచ్చిన పనే మళ్ళీ చేయిస్తారు. ఆ డబ్బుతో వానకోటు, బురదకి బూట్లు కొనండి. క్లాసులోని ఒక పిల్లాణ్ణి శనివారం ఇంటికి పిలిచి దోసెలు వెయ్యండి. రెండు గంటల ఆటలో వాడు వినే ఇంగ్లిషు ఏ ట్యూషన్‌లోనూ దొరకదు. దీనికోసం మీరు బడి గేటు దగ్గర ఇంకో తల్లిని పలకరించాలి. అది మీకు కష్టమని తెలుసు. వాడికీ అంతే కష్టంగా ఉంది.

పేరెంట్స్ ఈవినింగ్‌లో మీకు దక్కేది సాధారణంగా పది నిమిషాలు. "మా వాడు ఎన్నో ర్యాంకు" అని అడిగితే పది నిమిషాలూ మర్యాద మాటలతో గడిచిపోతాయి. ఇవి అడగండి: వాడికి రిసెప్షన్ ఫోనిక్స్ మొదటినుంచి ఎవరైనా విడిగా చెబుతున్నారా, వారానికి ఎన్నిసార్లు? ఇప్పటికి ఏ శబ్దాలు వచ్చాయి, ఏవి రాలేదు, ఆ కాగితం నాకిస్తారా? ఆటస్థలంలో ఎవరితో తిరుగుతున్నాడు? బాత్రూముకి వెళ్ళాలంటే ఎలా అడుగుతున్నాడు? చివరి ప్రశ్న చిన్నదిగా కనబడుతుంది కానీ, నోరు విప్పని పిల్లలు రోజంతా ఓర్చుకుని సాయంత్రం ఇంటికి పరుగెత్తుకొచ్చిన సందర్భాలు నేను చూశాను. అలా అయితే చూపించడానికి ఒక బొమ్మ కార్డు అడగండి, ఇస్తారు. రిపోర్టులో "వర్కింగ్ టువర్డ్స్" అని ఉంటే కంగారు పడకండి. ఈ వయసు పిల్లలు ఉండవలసిన చోటికి ఇంకా చేరలేదు, వస్తున్నాడు అని దానర్థం. ఫెయిలని కాదు. ఇంకోటి, ఆగస్టులో పుట్టినవాడూ, అంతకుముందు సెప్టెంబరులో పుట్టినవాడూ ఒకే క్లాసులో ఉంటారు. ఆ వయసులో పదకొండు నెలలంటే చాలా తేడా.

రెండు వారాల దీపావళి ప్రయాణం మానుకోండి. ఐదేళ్ళు నిండిన తర్వాతి టర్మ్ నుంచి బడి తప్పనిసరి, మీవాడు ఇప్పటికే ఆ లెక్కలోకి వచ్చాడు. అనుమతి లేకుండా పది బడి వారాల్లో ఐదు రోజులు మానిపిస్తే జరిమానా ఆలోచనలోకి వస్తుంది. 21 రోజుల్లో కడితే 80 పౌండ్లు, ఆ తర్వాత 160. అది కూడా తల్లికి వేరే, తండ్రికి వేరే. పండగ ఒక్కరోజుకైతే మత సంబంధమైన సెలవుగా ముందే ఉత్తరం రాసి అడగండి, దానికి చట్టంలో చోటుంది. అక్టోబరు చివర్లో ఎలాగూ వారం రోజుల హాఫ్ టర్మ్ సెలవు వస్తుంది. ఆ వారం విమానం టికెట్ల ధర చూస్తే మీకే వెళ్ళబుద్ధి కాదు.

మీరు శాకాహారులైతే ఒకటి తెలుసుకోవాలి. ఈ టర్మ్‌లోనే బడిలో ఫ్లూ టీకా ఇస్తారు, ముక్కులో కొట్టే స్ప్రే. అందులో పంది నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది. వద్దనుకుంటే అది లేని సూది మందు అడగవచ్చు, అనుమతి పత్రం వచ్చినప్పుడే చెప్పండి. పుట్టినరోజుకి క్లాసులో పంచే మెత్తటి జెల్లీ మిఠాయిల్లోనూ చాలావాటిలో జెలటిన్ ఉంటుంది. మధ్యాహ్నం భోజనం ఇయర్ టూ దాకా అందరికీ ఉచితమే, శాకాహారం ఉంటుంది. రుచి గురించి నేనేమీ అనను.

ఇక మీ అత్తగారు. ఆవిణ్ణి నచ్చజెప్పడం కంటే పనిలో పెట్టడం మేలు. ఈ వయసు పిల్లల చరిత్ర పాఠంలో మొదటి మెట్టు, ఇప్పుడు బతికి ఉన్నవాళ్ళ జ్ఞాపకాల్లో లోకం ఎలా మారిందన్నది. చాలా బడుల్లో దీన్ని ఆటబొమ్మలతో చెబుతారు. నాయనమ్మ చిన్నప్పుడు దేంతో ఆడుకుందో వాడిచేత అడిగించండి. లక్కపిడతలా, తాటాకు బొమ్మలా, గచ్చకాయలా? ఆవిడ చెబుతుంటే వాడు బొమ్మ గీయాలి. ఆ కాగితం బడికి తీసుకెళ్ళి ఎత్తి పట్టుకుంటే చాలు, వాడు మాట్లాడక్కర్లేదు, టీచరే నలుగురు పిల్లల్ని పోగేసి ప్రశ్నలడిగిస్తుంది. నవంబరు 5న బాన్‌ఫైర్ నైట్ వస్తుంది. 1605లో పార్లమెంటుని పేల్చబోయి దొరికిపోయిన గై ఫాక్స్ కథ చెప్పి బాణసంచా కాలుస్తారు, దీపావళి చిచ్చుబుడ్లతో పోల్చి మాట్లాడుకోవడానికి వాళ్ళిద్దరికీ మంచి సరుకు. డిసెంబరులో ఏసు జననం నాటకంలో మీవాడికి గొర్రె వేషం ఇస్తే ఆ ఫొటో కూడా ఆవిడకే పంపండి.

అన్నట్టు, అక్టోబరు చివరి ఆదివారం తెల్లవారుజామున ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. మనకీ ఇక్కడికీ తేడా నాలుగున్నర గంటల నుంచి ఐదున్నర అవుతుంది. రోజూ బడి నుంచి రాగానే నాలుగింటికి ఫోను చేస్తున్నారనుకుంటే, ఆవిడకి ఎనిమిదిన్నరకి వచ్చే ఫోను తొమ్మిదిన్నరకి వస్తుంది. ఎందుకో మీరు చెప్పకండి. రెండు గడియారాలు ముందు పెట్టి, మీవాడిచేత నాయనమ్మకి తెలుగులో చెప్పించండి.